పదహారు సెకన్ల అరెస్టు, దశాబ్దాల పరారీ

ఒక కానిస్టేబుల్ జేబుదొంగ వెంటపడతాడు. పట్టుకుంటాడు కూడా. పెనుగులాటలో దొంగ తన కోటులోంచే జారుకుని పరుగందుకుంటాడు. ఇక చిక్కడు అనుకునేలోపు దారిలో ఒక నావికుడు అడ్డుపడి వాణ్ణి ఒడిసి పట్టుకుంటాడు. ఇద్దరూ కలిసి దొంగను లొంగదీసి తీసుకుపోతారు. అంతటితో కథ అయిపోతుంది. అంతా ఒకటే షాట్. కెమెరా పెట్టినచోటి నుంచి అంగుళం కదలదు. 1895 ఏప్రిల్‌లో ఇంగ్లండులో బర్ట్ ఏకర్స్ తీసిన 'ది అరెస్ట్ ఆఫ్ ఎ పిక్‌పాకెట్' ఇదే.

బ్రిటన్‌లో కెమెరా ముందు నటులను నిలబెట్టి ఒక నేరకథను తీయడమన్నది జరిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి. చాలా దశాబ్దాలపాటు ఇది పోయిన సినిమాల లెక్కలోనే ఉంది. పాత జాబితాల్లో పేరు కనిపించేది, రీలు మాత్రం ఎవరి దగ్గరా లేదనే చరిత్రకారులు అనుకున్నారు. ఆ తర్వాత ఒక పాత రీలులో ఉన్నది ఈ చిత్రమేనని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గుర్తించింది. పోయిందనుకున్నది దొరకడం సంతోషించదగ్గ కబురే. అయితే దాని పుట్టుక వెనకున్న సంగతులు అంతకంటే రుచిగా ఉంటాయి. దొంగతనం మీద తీసిన ఈ బుల్లి చిత్రం చుట్టూ ఉన్న మనుషులంతా ఎవరి సొత్తు ఎవరు కాజేశారన్న తగాదాలో తలమునకలైనవాళ్లే.

తగాదా మొదలైంది ఒక చెక్కపెట్టె దగ్గర. అమెరికాలో థామస్ ఎడిసన్ సంస్థ తయారుచేసిన కైనెటోస్కోప్‌ను 1894 ఏప్రిల్ 14న న్యూయార్క్ బ్రాడ్‌వేలో జనం ముందు పెట్టారు. అదే ఏడాది అక్టోబరు 17న అది లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధికి వచ్చింది. తెర లేదు, హాలు లేదు. మనిషి ఛాతీ ఎత్తున ఉండే పెట్టె, పైభాగంలో కళ్లు ఆనించి చూడటానికి చిన్న సందు. లోపల ఫిలిం రెండు కొసలూ కలిపి అతికించిన దండలా కప్పీల మీద మెలికలు తిరుగుతూ నడుస్తుంది. కింద దీపం, నడపడానికి విద్యుత్ మోటారు, మధ్యలో సన్నని చీలిక ఉన్న చక్రం. డబ్బు చెల్లించి, వంగి, ఒక్కొక్కరే చూడాలి. చూస్తుండగానే బొమ్మ అయిపోతుంది. అయినా జనం బారులు తీరారు.

ఈ పెట్టెల వ్యాపారంలో ఉన్న ఇద్దరు గ్రీకు దేశస్థులు లండన్ హాటన్ గార్డెన్ వీధిలో విద్యుత్ పరికరాలు తయారుచేసే రాబర్ట్ పాల్ దగ్గరికి వెళ్లి, ఇలాంటివే మరికొన్ని చేసిపెట్టమని అడిగారు. పాల్‌కు అప్పటికి పాతికేళ్లు. ఫిన్స్‌బరీ టెక్నికల్ కాలేజీలో చదువుకుని, 1891లో సొంత కార్ఖానా పెట్టుకున్న నేర్పరి. ఎడిసన్ సొత్తును నకలు కొట్టడం కుదరదని మొదట వాళ్లను పంపించేశాడు. తర్వాత ఆరా తీస్తే, ఎడిసన్ ఆ యంత్రానికి ఇంగ్లండులో పేటెంటే తీసుకోలేదని తేలింది. ఇంకేముంది, పాల్ ఆ గ్రీకు వ్యాపారులకూ చేసిచ్చాడు, తన సొంతానికీ చేసుకున్నాడు. పారిస్ నుంచి వచ్చి కొనుక్కుపోయినవారిలో చార్లెస్ పాథే కూడా ఉన్నాడు. తర్వాతి కాలంలో ప్రపంచ సినిమా వ్యాపారాన్ని శాసించిన పాథే సంస్థ తొలి అడుగుల్లో ఒకటి ఈ నకలు పెట్టెల మీదే పడింది.

ఇది దొంగతనమా? చట్టం ప్రకారం కాదు. తలుపు వేసుకోవడం మరిచిన ఇంట్లోకి వెళ్లిన పని కాబట్టి ఎడిసన్‌కు న్యాయస్థానంలో చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆయన మనుషులు వేరే దారి ఎంచుకున్నారు. అసలు యంత్రం కొన్నవారికే ఫిలిములు అమ్ముతామన్నారు. పెట్టె ఉండి లోపల తిప్పడానికి బొమ్మ లేకపోతే అది ఉత్త చెక్క. పాల్‌కు కెమెరా అవసరమైంది. నిజానికి బ్రిటిష్ సినిమా పుట్టుకకు కళాతృష్ణ కంటే ఈ సరఫరా నిలుపుదలే దగ్గరి కారణం.

కెమెరా తయారీలో పాల్‌కు తోడుగా వచ్చినవాడే బర్ట్ ఏకర్స్. ఇంగ్లిషు తల్లిదండ్రులకు 1854లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టాడు. లండన్‌కు ఉత్తరాన బార్నెట్‌లో ఫొటో ప్లేట్లు తయారుచేసే ఎలియట్ అండ్ సన్ సంస్థలో మేనేజరుగా ఉండేవాడు. పాల్‌కు లోహం తెలుసు, విద్యుత్తు తెలుసు. ఏకర్స్‌కు వెలుతురు తెలుసు, రసాయనాలు తెలుసు. ఇద్దరికీ మిత్రుడైన హెన్రీ షార్ట్ వాళ్లను కలిపాడు. 1895 మొదటి నెలల్లో కెమెరా సిద్ధమైంది. బార్నెట్‌లో ఏకర్స్ కాపురమున్న క్లోవెలీ కాటేజీ ముందే తొలి ప్రయోగ చిత్రం తీశారు. మార్చి నెలాఖరుకు ఇద్దరి మధ్య పదేళ్ల ఒప్పందం కుదిరింది. మార్చి 30న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పడవ పందెం, మే 29న డెర్బీ గుర్రప్పందెం తీశారు. ఆ రెంటికీ మధ్య ఏప్రిల్‌లో తీసినదే మన జేబుదొంగ చిత్రం.

పందేలు ఎలాగూ జరిగేవే, కెమెరా తీసుకెళ్లి నిలబెడితే చాలు. జేబుదొంగ చిత్రానికి మాత్రం ముందుగా ఆలోచన కావాలి. ఎవరు ఎటునుంచి రావాలి, ఎక్కడ పట్టుబడాలి, కోటు ఎప్పుడు ఊడాలి, నావికుడు ఎన్నో క్షణంలో అడుగుపెట్టాలి, ఇవన్నీ ముందే అనుకుని ఉండాలి. ఎందుకంటే ఫిలిం నిడివి సుమారు నలభై అడుగులు. అడుగుకు పదహారు ఫ్రేముల చొప్పున ఆరువందల నలభై బొమ్మలు. కైనెటోస్కోప్‌కు తీసిన చిత్రాలు సెకనుకు నలభై ఫ్రేముల వేగంతో నడిచేవి. అంటే చేతిలో ఉన్నది పదహారు సెకన్లు. ఒక్క నటుడు రెండు క్షణాలు తడబడినా ఎనిమిదో వంతు సినిమా చేజారినట్టే.

ఆ పదహారు సెకన్లలో దర్శకుడు దేన్ని వదిలేశాడో గమనించాలి. జేబు కొట్టడం సినిమాకు మూలం. పేరులోనే ఆ వృత్తి ఉంది. కానీ కథ నడిచేదంతా వెంటాడటం, పట్టుకోవడం మీదే. దీనికి నిడివి ఒక్కటే కారణం కాదు. జేబుదొంగ పనితనమంతా ఎవరి కంటా పడకపోవడంలోనే ఉంది. రెండు వేళ్లతో, అరక్షణంలో జరిగిపోయే పని అది. నిలువెత్తు మనుషులు పట్టేంత దూరంలో పాతిన కెమెరాకు, భూతద్దం పెట్టినా చిన్నగానే కనిపించే బొమ్మలో, ఆ వేళ్లను చూపించే మార్గమే లేదు. దగ్గరి షాటు తీసి మధ్యలో అతికించే పద్ధతి అప్పటికి ఇంకా రాలేదు. కనపడని నేరాన్ని వదిలేసి, కనపడే పర్యవసానాన్ని తీసుకోవడం తెలివైన ఎంపిక. పరుగు, పెనుగులాట ఎంత దూరం నుంచైనా అర్థమవుతాయి.

మనుషుల ఎంపికలోనూ అదే లెక్క. పోలీసుకు టోపీ, నావికుడికి తన దుస్తులు. మాట లేదు, రాసి చూపించే అక్షరం లేదు, ముఖం సరిగా కనిపించదు. ఉడుపులే పాత్ర పరిచయం. యూనిఫారం లేని మూడోవాడు దొంగ అని ఎవరికీ చెప్పనక్కరలేదు. పైగా ఆ రోజుల ఇంగ్లండులో నావికుడంటే రంగస్థలం మీద అప్పటికే స్థిరపడిపోయిన పాత్ర. మెలోడ్రామాల్లోనూ మ్యూజిక్ హాల్ పాటల్లోనూ కండబలమూ మంచి మనసూ ఉన్న దేశభక్తుడు. దొంగను పట్టడానికి దారిన పోయే గుమస్తానో పాలవాడినో పెట్టకుండా నావికుణ్ణి పెట్టారంటే ప్రేక్షకుడి చప్పట్లను ముందే లెక్కగట్టుకున్నారన్నమాట. పోలీసు ఒక్కడి వల్ల కాలేదు, నౌకాదళం చేయి వేస్తే పని జరిగింది. సామ్రాజ్యం ఉచ్చదశలో ఉన్న 1895 లండన్‌కు ఈ ముగింపు నచ్చకపోతేనే వింత.

పోలీసూ దొంగా వెంటాట కూడా ఏకర్స్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. క్రిస్మస్ రోజుల్లో ఆడే పాంటోమైమ్ నాటకాల చివర హార్లెక్వినేడ్ అనే అల్లరి ఘట్టం ఉండేది. అందులో విదూషకుడు అంగడిలోంచి సాసేజీలు కొట్టేయడం, పోలీసు వెంటపడి భంగపడటం తరతరాలుగా పిల్లాపెద్దా నవ్వుకున్న సన్నివేశం. కోటు వదిలేసి జారుకోవడంలో ఆ వాసన స్పష్టంగా తగులుతుంది. అయితే రంగస్థలం మీద పోలీసు ఓడిపోతే నవ్వు. ఇక్కడ అతను ఓడి, మళ్లీ గెలవాలి. అందుకే కోటు ముఖ్యం. దొరికాడు, తప్పించుకున్నాడు, మళ్లీ దొరికాడు. పదహారు సెకన్లలో కథ రెండుసార్లు తిరగబడింది. దొంగను తిన్నగా పట్టుకుపోతే అది పోలీసు పనిని చూపించిన దృశ్యం మాత్రమే అయ్యేది. కోటు ఊడటంతో అది కథ అయింది.

ఈ చిత్రాలు ఎలాంటి చోట్ల ఆడాయో తలుచుకుంటే మరో చమత్కారం కనిపిస్తుంది. 1895లో లండన్ ఎర్ల్స్ కోర్టులో 'ఎంపైర్ ఆఫ్ ఇండియా' ప్రదర్శన జరిగింది. ఇమ్రే కిరాల్ఫీ అనే ప్రదర్శనల వ్యాపారి భారతదేశం పేరు మీద ఏర్పాటుచేసిన పెద్ద తిరునాళ్ల వంటిది అది. పాల్ తన కైనెటోస్కోప్ పెట్టెలను అక్కడ పెట్టాడు. హిందూదేశపు వింతలు చూడవచ్చిన లండన్ జనం కదిలే బొమ్మలను కూడా అక్కడే చూశారు. క్రిక్కిరిసిన జనం మధ్య, రెండు కళ్లూ పెట్టెకు ఆనించి, నడుము వంచి, వెనక ఏం జరుగుతోందో తెలియకుండా నిలబడిన మనిషి కంటే జేబుదొంగకు కావలసింది ఇంకేముంటుంది? దొంగ అరెస్టు చూస్తూ పర్సు పోగొట్టుకునే అవకాశం ప్రతి ప్రేక్షకుడికీ ఉండేది.

'మొట్టమొదటి' అన్న బిరుదు దగ్గర మాత్రం కాస్త నిదానించడం మంచిది. ఎడిసన్ స్టూడియోలో 1894లోనే చిన్న చిన్న నటనా ఘట్టాలు తీశారు. కాబట్టి ప్రపంచంలో తొలి కల్పిత చిత్రమని దీన్ని ఎత్తిపట్టడం కుదరదు. కానీ తోటమాలి మీద ఆకతాయి కుర్రాడు నీళ్లు చిమ్మించే లూమియర్ సోదరుల ప్రసిద్ధ హాస్యచిత్రాన్ని జనం తొలిసారి చూసింది 1895 జూన్‌లో, ఫ్రాన్సులోని లియాన్‌లో. పాఠ్యపుస్తకాలు కథాచిత్రాలకు అక్కడినుంచే శ్రీకారం చుడుతుంటాయి. ఏకర్స్ జేబుదొంగ దానికి రెండు నెలల ముందటివాడు. తమాషా ఏమిటంటే ఆ ఫ్రెంచి చిత్రంలోనూ తప్పు చేసిన కుర్రాడు పారిపోతాడు, తోటమాలి పట్టుకుని లాక్కొచ్చి శిక్షిస్తాడు. తమ కెమెరాలు పుట్టిన ఏడాదే రెండు దేశాల్లో ఇద్దరు వేర్వేరు మనుషులు, ఒకరి పని ఒకరికి తెలియకుండా, తప్పూ పరుగూ పట్టివేతా అనే వరసకే వచ్చారు. కదలికను చూపించడానికి పుట్టిన యంత్రానికి పరుగు కంటే తగిన కథ దొరకదు మరి.

ఇటు తెర మీద దొంగ దొరికాడు గానీ, అటు తెర వెనక స్నేహం బెడిసికొట్టింది. పదేళ్ల ఒప్పందం ఆ ఏడాది నడిమధ్యకే ముక్కలైంది. మే 27న ఏకర్స్ 'కైనెటిక్ కెమెరా' పేరుతో తన ఒక్కడి పేరు మీద పేటెంటు దరఖాస్తు పెట్టాడు. జర్మనీలో చాక్లెట్ల వ్యాపారి లుడ్విగ్ స్టోల్‌వెర్క్ పిలుపు మీద జూన్‌లో కీల్ కాలువ ప్రారంభోత్సవం చిత్రించడానికి వెళ్లాడు. ఇద్దరం కలిసి చేసిన కెమెరాను ఇతను సొంతం చేసుకున్నాడని పాల్ మండిపడ్డాడు. అసలు ఆలోచన నాదే, పాల్ కేవలం తయారుచేసి ఇచ్చాడని ఏకర్స్ వాదన. పేటెంటు లేని యంత్రాన్ని నకలు తీసి వ్యాపారంలోకి దిగిన పాల్, తన కళ్లముందే పేటెంటు ఇంకొకరి చేతికి పోవడం చూడాల్సి వచ్చింది. ఎవరిది ఎంత న్యాయమో చెప్పడం అంత తేలిక కాదు. లోహపు పని పాల్‌ది, కెమెరా వెనక నిలబడి తీసిన చేయి ఏకర్స్‌ది అనే మధ్యేమార్గమే ఉన్న ఆధారాలకు దగ్గరగా ఉంది.

ఈ గొలుసులో అందరికంటే పెద్ద చమత్కారం 1896 ఏప్రిల్ 23న న్యూయార్క్‌లో జరిగింది. కోస్టర్ అండ్ బయల్స్ మ్యూజిక్ హాల్లో ఎడిసన్ పేరు మీద 'వైటాస్కోప్' తెర ప్రదర్శన ఆర్భాటంగా మొదలైంది. ఆ యంత్రం ఎడిసన్ కనిపెట్టింది కాదు. జెన్కిన్స్, ఆర్మాట్ అనే ఇద్దరి కృషికి ఎడిసన్ పేరు తగిలించారు. ఆ రాత్రి జనాన్ని అన్నిటికంటే ఎక్కువగా ఊపేసిన చిత్రం గట్టు మీదికి విరుచుకుపడే సముద్రపు అలలు. అది డోవర్ తీరంలో ఏకర్స్ తీసిన బొమ్మ. తన పెట్టెను నకలు తీశారని ఫిలిములు ఆపేసిన ఎడిసన్ సంస్థ, ఆ నకలు పెట్టెల కోసం పుట్టిన ఫిలిముతోనే చప్పట్లు కొట్టించుకుంది.

ఇంత సందడిలో పుట్టిన జేబుదొంగ చిత్రం ఎలా కనుమరుగైంది? ఎవరో పారేయడం వల్ల ఒక్కసారిగా జరిగింది కాదు. ఆనాటి వ్యాపార పద్ధతిలోనే నాశనం ఇమిడి ఉంది. అప్పుడు ఫిలింను అద్దెకిచ్చేవారు కాదు, సరుకులా అమ్మేసేవారు. కొన్నవాడు అరిగేదాకా ఆడించుకోవచ్చు. కైనెటోస్కోప్‌లో అతుకు వేసిన చుట్ట రోజంతా అవే కప్పీల మీద తిరుగుతూనే ఉంటుంది. గీతలు పడేది, ఫిలింను ముందుకు లాగడానికి అంచుల్లో ఉండే చిల్లులు చిరిగేవి, అతుకు ఊడేది. అరిగినదాన్ని అవతల పారేసి కొత్తది కొనడమే అప్పటి రివాజు. దాచుకోవలసిన వస్తువుగా దాన్ని ఎవరూ చూడలేదు.

రెండో దెబ్బ తెర రూపంలో వచ్చింది. 1896 ఫిబ్రవరి 20న లండన్‌లో లూమియర్ ప్రదర్శన మొదలైంది. అదే రోజు పాల్ కూడా తన ప్రొజెక్టరును ఫిన్స్‌బరీ టెక్నికల్ కాలేజీలో ఆడించి చూపాడు. కొద్ది నెలల్లోనే కన్నుపెట్టి చూసే పెట్టెల ముచ్చట తీరిపోయింది. వాటికోసం సెకనుకు నలభై ఫ్రేముల వేగంతో తీసిన చిత్రాలను, పదహారు ఫ్రేముల చుట్టుపక్కల నడిచే ప్రొజెక్టరులో వేస్తే పదహారు సెకన్ల వెంటాట నలభై సెకన్లకు సాగుతుంది. దొంగ నీళ్లలో పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అది పాత సరుకు. కొత్త ప్రతులు తీయించాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

మూడోది ఫిలిం గుణమే. అప్పట్లో వాడిన నైట్రేట్ (సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసిన) ఫిలిం అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. అంటుకోకపోయినా కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, జిగురుగా మారుతుంది, చివరికి గోధుమరంగు పొడి అయిపోతుంది. దానికి తోడు అందులోని వెండి కోసం పాత రీళ్లను కరిగించే వ్యాపారం ఉండనే ఉంది. పాల్ 1910లో సినిమా వ్యాపారం చాలించుకుని, తన దగ్గరున్న నెగెటివులను నాశనం చేయించి, మళ్లీ విద్యుత్ పరికరాల పనికే వెళ్లిపోయాడు. ఏకర్స్ రెండుసార్లు దివాలా తీసి 1918లో చనిపోయాడు. బ్రిటన్‌లో సినిమాలను దాచిపెట్టే జాతీయ సంస్థ ఏర్పడింది 1935లో. జేబుదొంగ అరెస్టై అప్పటికి నలభై ఏళ్లు. తెలుగువారికి ఈ బాధ కొత్త కాదు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' గురించి చదువుకోవడమే తప్ప చూసే భాగ్యం లేదు. మన దేశంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చిందే 1964లో.

వస్తువుతోపాటు పేరు కూడా మరుగున పడింది. పాల్ 1943 దాకా బతికాడు. 1936లో బ్రిటిష్ కైనెమటోగ్రాఫ్ సొసైటీ సభలో తొలినాళ్ల అనుభవాలు చెప్పే అవకాశం ఆయనకు దక్కింది. జవాబు చెప్పడానికి ఏకర్స్ లేడు. చాలాకాలం బ్రిటిష్ సినిమా తండ్రి ఎవరంటే పాల్ పేరే వినిపించడానికి ఈ పాతికేళ్ల తేడా కొంత కారణం. జాన్ బార్న్స్ అనే పరిశోధకుడు తొలి బ్రిటిష్ సినిమా చరిత్రను 1976 నుంచి ఐదు సంపుటాల్లో రాస్తూ, పేటెంట్లు, పత్రికా ప్రకటనలు, అమ్మకపు జాబితాలు వరసగా పేర్చి చూపించాకే ఏకర్స్ వాటా ఎంతో తేలింది. ఆ జాబితాల పని రీళ్ల గుర్తింపుకూ పనికొచ్చింది. ఏ చిత్రంలో ఏముందో కాగితం మీద ముందే తెలిసి ఉంటే తప్ప, పేరులేని ఫిలిం ముక్క దొరికినా అది ఏదో ఎవరు పోల్చగలరు?

ఆ పోల్చుకునే పని ఎలా ఉంటుందో చెప్పుకోవాలి. పాత ఫిలిం చుట్ట డబ్బాలోంచి తీసేసరికి దాని మీద పేరు ఉండదు. ఆ కాలపు చిత్రాలకు టైటిల్ కార్డులే లేవు. డబ్బా మీద రాసి ఉన్నా, దాన్ని నమ్మడానికి లేదు. వెలుగుబల్ల మీద పరిచి ముందు అంచులు చూస్తారు. ఎడిసన్ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు అటూ ఇటూ నాలుగేసి చిల్లులు ఉంటాయి. లూమియర్‌ది ఫ్రేముకు ఒక్కో వైపు ఒక్కటే గుండ్రని చిల్లు. పాల్ కైనెటోస్కోప్‌కు ఎడిసన్ కొలతలే కావాలి కాబట్టి చిల్లులు చూడగానే సగం ప్రపంచం పక్కకు తప్పుకుంటుంది. తర్వాత ఫిలిం ఎంత కుంచించుకుపోయిందో కొలుస్తారు. తయారీ సంవత్సరం తెలిపే గుర్తులను అంచున ముద్రించే అలవాటు తర్వాతి దశాబ్దాలది కాబట్టి అవి లేకపోవడం కూడా సాక్ష్యమే. చివరగా బొమ్మ. ఎంత వేగంతో తిప్పితే మనిషి నడక సహజంగా ఉంటుందో చూస్తే, అది పెట్టె కోసం తీసిందో, తెర కోసం తీసిందో అంచనా దొరుకుతుంది. ఆపైన పోలీసు, కోటు, నావికుడు అనే మూడు ఆనవాళ్లూ పాత వర్ణనతో సరిపోవాలి. విచిత్రంగా ఇక్కడ దొంగను పట్టించిన ఉడుపులే రీలును కూడా పట్టించే రకం ఆధారాలు.

దొరికాక తెలిసిందేమిటి? తర్వాతి బ్రిటిష్ నేరచిత్రాల పక్కన పెట్టి చూస్తే దాని విలువ తెలుస్తుంది. 1901లో హోవ్ పట్టణంలో జేమ్స్ విలియంసన్ తీసిన 'స్టాప్ థీఫ్!'లో ఒక బికారి కసాయి దగ్గర మాంసం లాక్కుని పరుగెడతాడు, కుక్కలు వెంటపడతాయి, చివరికి పీపాలో దాక్కుని దొరికిపోతాడు. ఇక్కడ మూడు షాట్లున్నాయి. దొంగ ఒక షాట్ అంచు దాటి ఇంకో షాట్‌లోకి పరుగెత్తుకొస్తాడు. దొంగతనమూ కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే మాంసం ముద్ద పర్సులా చిన్నది కాదు. 1903లో షెఫీల్డ్‌లో ఫ్రాంక్ మాటర్‌షా తీసిన పట్టపగటి దోపిడీ చిత్రంలో దొంగ ఇంట్లో జొరబడతాడు, కప్పు మీద పోలీసుతో కలబడి అతణ్ణి కిందికి తోసేస్తాడు, ఊరంతా పరుగెత్తి రైలెక్కుతాడు, దిగేసరికి ప్లాట్‌ఫారం మీద పోలీసులు కాచుకుని ఉంటారు. అదే ఏడాది వేల్స్‌లో విలియం హాగర్ దొంగవేటగాళ్ల కథ తీశాడు. తుపాకులు పేలుతూ మనుషులు కెమెరా మీదికే దూసుకొస్తారు. ఆ ఏడాది చివర అమెరికాలో వచ్చిన రైలు దోపిడీ చిత్రానికి ఈ బ్రిటిష్ వెంటాటలు దారి చూపాయని చరిత్రకారులు చెబుతుంటారు.

వీటన్నిటిలో పెరిగింది స్థలం. వీధి నుంచి పొలానికి, కప్పు మీదికి, రైల్లోకి పరుగు విస్తరించింది. షాట్లు అతికించడం నేర్చుకున్నాక పదహారు సెకన్ల ఇరుకు పోయింది. కానీ కథ ఎముకల గూడు మాత్రం ఏకర్స్ నాటిదే. పట్టుబడటం, తప్పించుకోవడం, అనుకోని చేయి అడ్డుపడటం, మళ్లీ పట్టుబడటం. చరిత్ర పుస్తకాలు వెంటాట చిత్రాన్ని 1901, 1903ల దగ్గర మొదలుపెట్టడం అలవాటు. జేబుదొంగ కళ్లముందుకు వచ్చాక ఆ లెక్కను కాస్త సవరించుకోక తప్పదు. షాట్లు అతికించడం వల్ల వెంటాట పుట్టిందని ఇన్నాళ్లూ చెప్పుకున్నదాని కంటే, వెంటాట ముందే ఉండి, దానికి చోటు చాలక షాట్లు అతకాల్సి వచ్చిందని చెప్పడమే సబబుగా ఉంది.

ఇలాంటి దొరకడాలు అప్పుడప్పుడు జరుగుతూనే ఉన్నాయి. పాల్ 1896లో లండన్ అల్హాంబ్రా థియేటర్ పైకప్పు మీద తీసిన 'ది సోల్జర్స్ కోర్ట్‌షిప్' ఎక్కడో రోమ్ నగరపు ఆర్కైవులో బయటపడింది. విలియం జిలెట్ షెర్లాక్ హోమ్స్‌గా నటించిన 1916 నాటి అమెరికా చిత్రం 2014లో పారిస్‌లోని సినిమాథెక్ అనే ఫిల్మ్ ఆర్కైవులో దొరికింది. రెండూ పుట్టిన దేశాల్లో దొరకలేదన్నది గమనించాల్సిన సంగతి. అమ్ముడై, సరిహద్దు దాటి, పరాయి డబ్బాల్లో మరుగునపడిన ప్రతులే కొన్నిసార్లు మిగులుతున్నాయి.

ఇంకా దొరకనివాటిలో బ్రిటిష్ నేరచిత్రాలకు సంబంధించి అన్నిటికంటే ఎక్కువగా వెతుకుతున్నది 1914 నాటి 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'. దర్శకుడు జార్జ్ పియర్సన్. హోమ్స్ వేషం వేసిన జేమ్స్ బ్రాజింగ్టన్ నటుడే కాదు. నిర్మాణ సంస్థ కార్యాలయంలో పనిచేస్తున్న ఉద్యోగి. పోలికలు కుదిరాయని కెమెరా ముందుకు తెచ్చారు. అమెరికాలో జరిగే ఘట్టాల కోసం ఇంగ్లండులోని చెడ్డర్ లోయనూ సౌత్‌పోర్ట్ ఇసుక తీరాన్నీ యూటా రాష్ట్రంగా చూపించారు. 2010లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన డెబ్బై అయిదు పోయిన చిత్రాల జాబితాలో దాని పేరుంది. ఎవరి అటక మీదనైనా పాత డబ్బా ఉంటే మూత తీసి చూడమని ఆ సంస్థ అడుగుతోంది. నైట్రేట్ కాబట్టి పొయ్యికి దూరంగా ఉండి చూడటం మంచిది.